తొలితరపు పట్టభద్రునకు వృత్తి మార్గదర్శనము

ఒక యింటిలో తాతయు తండ్రియు వకీళ్లైనచో, ఆ యింటి కుర్రవానికి వకీలు వృత్తి యన నేమో ఎవరును ప్రత్యేకముగా పాఠము చెప్పనక్కరలేదు. భోజనమువేళ పెద్దలు చెప్పుకొను మాటలలోనే, ఎవరివద్ద జూనియరుగా చేరవలెనో, తొలినాళ్లలో ఎన్నేండ్లు ఓపిక పట్టవలెనో అతని చెవిని పడుచుండును. వైద్యుల యింటను, ఉపాధ్యాయుల యింటను ఇట్లే. కాని అంతకుముందెవరును కళాశాల గడప త్రొక్కని కుటుంబమునుండి వచ్చిన విద్యార్థికి ఈ పాఠము ఇంట దొరకదు. కళాశాలలోను దొరకదు; ఏలయనగా అది పాఠ్యప్రణాళికలో లేదు. అందరికిని తెలిసినదేయని తలచి ఎవరును చెప్పరు. అతడు పరీక్షలలో తోటివారితో సమానముగా మార్కులు తెచ్చుకొనును. పట్టము చేతికి వచ్చిన మరునాడు మాత్రము వెనుకబడును.

ఈ వెనుకబాటును పోగొట్టుటకు చేయు ప్రయత్నములలో ముఖ్యమైనది వృత్తి మార్గదర్శనము. దీనినిగూర్చి విస్తారముగా ఆలోచించి, మంచిచెడ్డల రెంటియందును అనుభవము గడించిన దేశము అమెరికా సంయుక్త రాష్ట్రములు. అచ్చట ఇది ఎట్లు పుట్టినది, ఎట్లు నడచినది, ఏ చిక్కులలో పడినది అను విషయములను వివరించి, అందు మన యిండ్లకు పనికివచ్చునది ఏదైన కలదా యని విచారింప దలచినాము.

ముందుగా రెండు మాటల అర్థమును తేటపరచుకొనవలెను. ‘తొలితరపు విద్యార్థి’ అనుటకు అమెరికా చట్టములో ఒక నిర్వచనము కలదు. తల్లిదండ్రులలో ఎవరును నాలుగేండ్ల కళాశాల విద్యను పూర్తిచేసి పట్టము పొందియుండనిచో, వారి బిడ్డ తొలితరపు విద్యార్థి యగును. 1980లో ఉన్నత విద్యాచట్టమును సవరించినపుడు ఈ నిర్వచనము చట్టమున చేరినది. ఒకటి రెండేండ్లు కళాశాలలో చదివి మానివేసినవారి బిడ్డలును ఈ లెక్కలోనికే వత్తురు. ఇక రెండవ వర్గము శ్వేతజాతికి చెందని విద్యార్థులది. నల్లజాతివారు, మెక్సికో, పోర్టోరికో మొదలగు ప్రాంతముల సంతతివారు, ఆ దేశపు మూలవాసులు, ఆసియా ఖండమునుండి వెళ్లినవారు ఇందులో చేరుదురు.

ఈ రెండు వర్గములు చాలవరకు కలిసియున్నను ఒకటి కావు. అపలాచియా కొండలలోని బొగ్గుగని కార్మికుని కుమారుడు తెల్లవాడే. అయినను తొలితరపు విద్యార్థి. నల్లజాతి వైద్యుని కుమార్తె తొలితరపు విద్యార్థిని కాదు. అయినను దరఖాస్తుపై ఆమె పేరు చూచి పెదవి విరచువారు ఉందురు. అచ్చట స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో పెక్కింట తల్లిదండ్రులు పట్టభద్రులే. కావున వారి బిడ్డలు వర్ణము దృష్ట్యా రెండవ వర్గమున చేరినను, మొదటిదానిలోనికి రారు. ఒకరి కొరత తమకు తెలియకపోవుట. మరొకరిని అడ్డగించునది ఎదుటివాని దురభిప్రాయము. మొదటిదానికి సమాచారము మందు కావచ్చును. రెండవదానికి సమాచారమొక్కటే చాలదు. రెండును ఒక్కరికే సంప్రాప్తమైనపుడు భారము రెట్టింపగును. ఈ భేదమును గుర్తింపని సలహాదారు రోగమొకటియైన వేరొకదానికి మందిచ్చు వైద్యుని వంటివాడు.

వృత్తి మార్గదర్శనమునకు ఆద్యుడుగా ఫ్రాంక్ పార్సన్స్‌ను చెప్పుదురు. ఆయన 1908 జనవరిలో బోస్టన్ నగరమున ఒక వృత్తి సలహా కార్యాలయమును స్థాపించెను. ఐరోపానుండి వలసవచ్చిన పేదకుటుంబములు క్రిక్కిరిసి నివసించు పేటలో దానిని తెరచెను. ఆ యేడే ఆయన మరణించెను. వృత్తిని ఎన్నుకొనుటను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము మరుసటి యేడు, అనగా 1909లో, వెలువడెను. ఆయన చెప్పిన సూత్రము మూడు మెట్లుగా నుండును. మొదట నీ శక్తిసామర్థ్యములను, అభిరుచులను, పరిమితులను నీవు తెలిసికొనవలెను. పిమ్మట వివిధ వృత్తులకు కావలసిన అర్హతలు, వాటిలోని లాభనష్టములు తెలిసికొనవలెను. ఆ రెంటికిని గల పొందికను తర్కించి నిర్ణయము చేసికొనవలెను. నేటి సలహాదారులు పెక్కువిధములైన పరీక్షలను, పద్ధతులను వాడుచున్నను, పునాది మాత్రము ఈ మూడు మెట్లే. అయితే ఇందులో ఒక ముఖ్యవిషయము మిగిలిపోయినది. తగిన వృత్తి ఇదియని తేలిన పిమ్మట, దాని తలుపు తెరచునదెవరు? ఈ ప్రశ్నకు జవాబు తొలితరపు విద్యార్థి విషయమున అంత సులభము కాదు.

నల్లజాతివారి చదువు వేరొక మార్గమున సాగినది. వారి కొరకు పెన్సిల్వేనియాలో 1837లో మొదలైన పాఠశాలయే తరువాత చేనీ విశ్వవిద్యాలయమైనది. వాషింగ్టన్ నగరమున హోవర్డ్ విశ్వవిద్యాలయము 1867లో స్థాపితమైనది. 1890నాటి చట్టము, వర్ణభేదము పాటించు రాష్ట్రములు నల్లజాతివారికి వేరుగానైన కళాశాలను ఏర్పరచవలెనని విధించినది. ఆ కాలముననే వారిలో ఒక గొప్ప వివాదము చెలరేగెను. 1881లో ఆరంభమైన టస్కీగీ విద్యాలయమునకు అధిపతియైన బుకర్ టి. వాషింగ్టన్, ముందు చేతిపనులును వ్యవసాయమును నేర్చి ఆర్థికముగా నిలద్రొక్కుకొనుట మేలనెను. డబ్ల్యు. ఇ. బి. డుబోయిస్ 1903లో ప్రకటించిన తన గ్రంథమున దానిని ఖండించి, ఉన్నతవిద్యను వదలుకొన్న జాతికి నాయకులే లేకపోవుదురనెను. ఒక విద్యార్థికి ఏ వృత్తిని సూచింపవలెను అనునది ఆ విద్యార్థి ఒక్కనికి సంబంధించిన ప్రశ్న కాదనియు, అతని సమాజమునకు ఏ స్థానము తగునని మనము తలచుచున్నామో ఆ తలంపు అందులో దాగియుండుననియు ఈ వివాదము తెలుపుచున్నది.

రెండవ ప్రపంచయుద్ధము ముగియనున్న సమయమున, 1944లో, సైనికుల చదువునకు ధనసహాయము చేయు చట్టము వచ్చినది. దానివలన లక్షలకొలది సామాన్య కుటుంబముల యువకులు కళాశాలలలో చేరిరి. అయితే దక్షిణ రాష్ట్రములలో వర్ణభేదము అట్లే యుండుటచే నల్లజాతి సైనికులకు ఆ ఫలము సమానముగా అందలేదు. 1964లో పౌరహక్కుల చట్టము ఉద్యోగములలో వర్ణవివక్షను నిషేధించెను. 1965 నవంబరు 8వ తేదీన అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఉన్నత విద్యాచట్టముపై సంతకము చేసెను. ఆ సంతకము తాను చదివిన టెక్సాస్ కళాశాలలోనే చేయుట గమనింపదగినది. ఆయన యౌవనమున కొటుల్లా అను ఊరిలో పేద మెక్సికన్ బిడ్డలకు పాఠములు చెప్పినవాడు. ఈ కాలముననే ఉన్నత పాఠశాలలోని పేద విద్యార్థులను కళాశాలకు సిద్ధపరచు పథకము, ప్రతిభగలవారిని వెదకి ప్రోత్సహించు పథకము, కళాశాలలో చేరినవారికి తోడ్పడు పథకము ఒకటొకటిగా ఏర్పడినవి. మూడగుటచే వాటిని ‘ట్రియో’ అనిరి. తరువాత ఇతర పథకములు చేరినను ఆ పేరు మారలేదు. 1986లో ఛాలెంజర్ వ్యోమనౌక ప్రమాదమున మరణించిన నల్లజాతి భౌతికశాస్త్రజ్ఞుడు రొనాల్డ్ మెక్‌నేర్ పేరిట, తొలితరపు విద్యార్థులను డాక్టరేటు చదువులకు తీర్చిదిద్దు పథకము కూడ ఇందులో చేరినది.

ఇక అసలు చిక్కు ఎచ్చట నున్నదో చూతము. తెలియని విషయము తనకు తెలియదని కూడ తెలియకపోవుట దానికి మూలము. 2009లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తియైన సోనియా సోటోమేయర్ పోర్టోరికో సంతతికి చెందినది. తొమ్మిదవ యేట తండ్రి పోగా, నర్సు పనిచేయు తల్లి ఆమెను పెంచినది. ఆమె 1972లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున చేరెను. ప్రతిభావంతులైన విద్యార్థులను మాత్రమే చేర్చుకొను ఫై బీటా కప్పా అను విద్వత్సంఘము ఆమెకు ఆహ్వానము పంపగా, ఎవరో మోసగాండ్రు పంపినదనుకొని దానిని చెత్తబుట్టలో వేసినదట. అది ఎంత గౌరవమో ఒక స్నేహితురాలు చెప్పినపిమ్మటనే తెలిసినదని ఆమె 2013లో ప్రకటించిన స్వీయచరిత్రలో వ్రాసినది. తెలివికి లోటు లేని మనిషియే ఆమె. ఆ పేరు ఇంట వినియుండలేదు, అంతే.

ఇట్టిదే మరియొకటి. అమెరికా కళాశాలలలో ప్రతి ఆచార్యుడును వారమున కొన్ని గంటలు విద్యార్థులకొరకు తన గదిలో వేచియుండును. చదువుకొన్నవారి బిడ్డలు ఆ వేళలో వెళ్లి సందేహములు తీర్చుకొందురు, మాటలలో తమ ఆశయములు చెప్పుకొందురు, ఆచార్యునికి పరిచితులగుదురు. రెండేండ్ల పిమ్మట సిఫారసు లేఖ కావలసినపుడు ఆ పరిచయము ఫలించును. తొలితరపు విద్యార్థులలో పెక్కుమంది ఆ గంటలు ఎందుకున్నవో ఎరుగరని ఆంథొనీ ఏబ్రహాం జాక్ అను సమాజశాస్త్రజ్ఞుడు 2019లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. గురువును విసిగింపరాదనియు, తన పని తాను చేసికొని పోవుటయే మర్యాదయనియు వారికి ఇంట నేర్పియుందురు. అడగనిదే అమ్మయైనను పెట్టదని మన సామెత. అడుగుట మర్యాద కాదని నేర్చినవారికి ఆ అన్నము దక్కదు.

రెండవ కొరత పరిచయములది. మార్క్ గ్రానోవెటర్ అను పండితుడు 1973లో ప్రకటించిన పరిశోధన ఈ విషయమున ప్రసిద్ధమైనది. బోస్టన్ సమీపమున ఉద్యోగము మారినవారిని, ఆ సమాచారము మీకెవరివలన తెలిసినదని ఆయన ప్రశ్నించెను. పరిచితులద్వారా ఉద్యోగము పొందినవారిలో, ఆ పరిచితుని తరచుగా కలియుచుండినవారు సుమారు 17 శాతము మాత్రమే. అప్పుడప్పుడు కలియువారు సుమారు 56 శాతము. అరుదుగా కలియువారు సుమారు 28 శాతము. ప్రాణస్నేహితులకంటె ముఖపరిచయము గలవారే ఎక్కువగా తోడ్పడిరన్నమాట. ఇందుకు కారణము తేలికగానే బోధపడును. మన ఆప్తులకు తెలిసినది మనకును తెలిసియే యుండును. క్రొత్త కబురు దూరపువారినుండియే రావలెను. కూలివారి పేటలో ప్రాణమిచ్చు బంధువులకు కొదువ యుండదు. బ్యాంకు అధికారియో, పత్రికా సంపాదకుడో ముఖపరిచయముగల వారు మాత్రము ఆ చుట్టుపట్ల ఉండరు.

మూడవది ధనమును, కాలమును. విద్యార్థిదశలోనే కొన్ని నెలలు ఏదైన సంస్థలో పనినేర్చుకొనుటను ఇంటర్న్‌షిప్ అందురు. మంచి ఉద్యోగములకు ఇది మెట్టువంటిది. కాని ఇందు కొన్ని జీతము లేనివి. మరికొన్ని అద్దెలు హెచ్చుగానున్న మహానగరములలో నుండును. వేసవిలో అంగడిలో పనిచేసి వచ్చే యేటి ఖర్చు కూడబెట్టుకొను విద్యార్థి జీతములేని పనికి ఎట్లు పోగలడు? పైగా పెద్ద సంస్థలు చదువు ముగియుటకు ఏడాది ముందే తమకు కావలసినవారిని ఎంచుకొనుట ఆరంభించును. పట్టము చేతికి వచ్చినపిమ్మట ఉద్యోగము వెదకుదమని వేచియుండు విద్యార్థి, ఆ తలుపులు మూసిన తరువాత అచ్చటికి చేరును.

నాలుగవది దురభిప్రాయము. మరియాన్ బెర్ట్రాండ్, సెంధిల్ ముల్లయినాథన్ అను ఆర్థికశాస్త్రవేత్తలు బోస్టన్, షికాగో నగరముల పత్రికలలోని ఉద్యోగ ప్రకటనలకు దాదాపు 5,000 కల్పిత దరఖాస్తులను పంపిరి. అర్హతలు సమానము, పేర్లు మాత్రము వేరు. కొన్నింటిపై ఎమిలీ, గ్రెగ్ వంటి శ్వేతజాతి పేర్లు, కొన్నింటిపై లకీషా, జమాల్ వంటి నల్లజాతి పేర్లు ఉంచిరి. 2004లో ప్రకటించిన ఫలితమేమనగా, తెల్లవారి పేరుతో సుమారు 10 దరఖాస్తులు పంపిన ఒక పిలుపు రాగా, నల్లవారి పేరుతో సుమారు 15 పంపవలసి వచ్చినది. అంతకంటె విచారింపదగినది వేరొకటి యున్నది. అర్హతలను పెంచి వ్రాసినపుడు తెల్లవారి పేరుగల దరఖాస్తులకు పిలుపులు బాగుగా పెరిగినవి. నల్లవారి పేర్లకు అంతగా పెరుగలేదు. ‘ఇంకను కష్టపడి చదువుము’ అను హితవు న్యాయమైనదే కాని, అదియొక్కటే చాలదని దీనివలన తేలుచున్నది.

ఇట్టి స్థితిలో సలహాదారుని బాధ్యత ఎంత గొప్పదో చెప్పనక్కరలేదు. అతని మాట ఒక జీవితమును మలుపు త్రిప్పగలదు. అది మేలునకే కానక్కరలేదు. మాల్కం ఎక్స్ బాల్యమున మిషిగన్ రాష్ట్రములోని తన తరగతిలో మొదటి వరుసలో నిలిచిన విద్యార్థి. న్యాయవాది కావలెనని యున్నదని చెప్పగా, ఒక ఉపాధ్యాయుడు అది నీవంటివానికి సాధ్యము కాదనియు, వడ్రంగము మంచిదనియు సలహా నిచ్చెనట. తనకంటె తక్కువ మార్కులు వచ్చిన తెల్ల విద్యార్థులను ఆయనయే ప్రోత్సహించెనని 1965లో వెలువడిన స్వీయచరిత్రలో కలదు. మిషెల్ ఒబామా తండ్రి షికాగో నగరపు నీటి సరఫరా కేంద్రమున పనిచేయువాడు. ఆమె అన్న అప్పటికే ప్రిన్స్‌టన్‌లో చదువుచున్నను, అది నీకు తగునని నాకు తోచుట లేదని పాఠశాలలోని సలహాదారు చెప్పినట్లు ఆమె 2018నాటి తన గ్రంథమున వ్రాసినది. ఆమె ఆ మాటను లెక్కచేయక దరఖాస్తు పెట్టి, 1981లో అచ్చట చేరినది. లెక్కచేసి ఊరకుండినవారి కథలు మాత్రము గ్రంథములకెక్కవు. ఈ ఉపాధ్యాయులు క్రూరులు కానక్కరలేదు. నిరాశ పడకుండ కాపాడుచున్నామనియే వారు తలచియుందురు. అయినను, విద్యార్థిని చూడక అతని వర్గమును చూచి ఇచ్చిన సలహా సలహా కాదు.

మరి మంచి సలహాదారు ఏమి చేయును? మొదట, విద్యార్థి తనవద్ద ఏమియు లేదని చెప్పిన మాటను నమ్మడు. పదునాలుగవ యేటనుండి తల్లిదండ్రుల దుకాణములో లెక్కలు చూచినవాడు, ఆంగ్లము రాని తల్లికి ఆసుపత్రిలోను కచ్చేరీలోను దుబాసిగా నిలిచినది, తమ్ములను పెంచి పెద్దచేసినది, ‘నాకు అనుభవము లేదు’ అని వ్రాసికొందురు. ఆ పనులలో లెక్క యున్నది, భాషాంతరీకరణ మున్నది, ఓర్పున్నది. వాటిని ఉద్యోగమిచ్చువారికి తెలియు మాటలలో వ్రాయించుట సలహాదారుని తొలిపని. టారా యోసో అను విదుషి 2005లో వ్రాసిన వ్యాసమున, అట్టి కుటుంబములలో ఆరు విధములైన మూలధనములు ఉండునని చెప్పినది. కష్టములలోను ఆశ వదలకుండుట, రెండుమూడు భాషలు తెలియుట, బంధుబలము, ఇరుగుపొరుగు తోడు, పరాయి సంస్థలలో నెగ్గుకొని వచ్చు నేర్పు, అన్యాయమునకు ఎదురునిలుచు గుణము అనునవి ఆ యారు. లోటును మాత్రమే లెక్కించు అలవాటునకు ఇది మంచి విరుగుడు.

పిమ్మట పరిచయములు కల్పించును. పూర్వవిద్యార్థులలో ఆయా వృత్తులలో నున్నవారివద్దకు ఇరువది నిమిషముల సంభాషణకు పంపును. ఉద్యోగమిమ్మని అడుగరాదు. మీరిందు ఎట్లు ప్రవేశించితిరి, రోజంతయు ఏమి చేయుదురు, మరల మొదలుపెట్టినచో ఏమి మార్చుకొందురు అని యడుగవలెను. లేచివచ్చునపుడు, ఇంకెవరితో మాటాడుట మేలని యడుగవలెను. ఇట్లు ఐదారుగురిని కలిసిన విద్యార్థికి, వకీలు కుమారునికి భోజనమువేళ దొరకినది కొంతవరకైన దొరకును. ఇంటర్వ్యూకు ముందు నమూనా ఇంటర్వ్యూ జరుపును. జీతము చెప్పినపుడు వెంటనే తలయూపక, ఆలోచించి చెప్పెదనని మర్యాదగా అనవచ్చునని నేర్పును. అచ్చట విజ్ఞానశాస్త్రములలో డాక్టరేటు చేయువారికి సాధారణముగా ఫీజు లేకుండుటయేగాక భృతియు లభించును. ఇది తెలియక, అప్పు చేయలేమని ఆ చదువుల జోలికే పోనివారు కలరు. అట్టివారికి ఒక్క వాక్యము చెప్పుటయే గొప్ప సహాయము.

కుటుంబమును ప్రక్కకు నెట్టుట మరియొక పొరపాటు. ‘నీ అభిరుచినే అనుసరించుము, ఇతరులమాట వినకుము’ అను హితవు కలిగినవారి బిడ్డకు సరిపోవును. మొదటి జీతమునుండియే ఇంటికి పంపవలసిన విద్యార్థికి అది పరిహాసమువలె తోచును. ఇంటి బాధ్యతను లోపముగా గాక లెక్కలోని ఒక అంకెగా తీసికొని, ఎంత పంపవలెను, ఎన్నేండ్లు, ఆ లోపల ఏ దారి మూసికొనకుండ ఉంచవచ్చును అని కలిసి ఆలోచించు సలహాదారునియందు విద్యార్థికి నమ్మిక కుదురును. తల్లిదండ్రులను కళాశాలకు పిలిచి, బిడ్డ చదువు ఏ యే పనులకు దారితీయునో వారి భాషలో చెప్పుట కూడ మేలు. వైద్యము, ఇంజనీరింగు, న్యాయము తప్ప ఇతర వృత్తుల పేర్లే వినని తల్లిదండ్రులు వాటికొరకే పట్టుపట్టుదురు. అది వారి మొండితనము కాదు.

ఒక మాట తప్పక చెప్పవలెను. కార్యాలయము తెరచి కూర్చుండినంతమాత్రమున అవసరమున్నవారు రారు. దారి తెలిసినవారే ముందు వత్తురు. కావున కొన్ని కళాశాలలు ఈ శిక్షణను తరగతిలోనే మొదటి యేటినుండి పాఠముగా చెప్పనారంభించినవి. అట్లే, విద్యార్థిని ఎంత దిద్దినను, ఎంచువారు మారనిచో ఫలము కొంతయే. పేరుపొందిన సంస్థలు ఆటలు, విహారములు, మాటతీరు తమవంటివారినే ఇష్టపడునని లారెన్ రివెరా అను పండితురాలు 2015నాటి గ్రంథమున చూపినది. మార్గదర్శనము చట్టమునకును న్యాయమునకును తోడు కాగలదే కాని, వాటికి బదులు కానేరదు. 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు కళాశాల ప్రవేశములలో వర్ణమును పరిగణించుటను కొట్టివేసినది. ఆ తీర్పు పిమ్మట కళాశాలలో చేరినవారికి చేయు తోడ్పాటునకు ప్రాముఖ్యము మరింత హెచ్చినదని మా అభిప్రాయము.

ఇదంతయు పరాయి దేశపు గొడవయని తలచరాదు. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన విద్యార్థివేతనముతో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు వెళ్లిన డాక్టర్ అంబేద్కరు, 1917లో తిరిగివచ్చి బరోడా సంస్థానమున ఉద్యోగమున చేరెను. ఆ నగరమున ఆయనకు అద్దెకు ఇల్లిచ్చువారు లేకపోయిరి. దిగిన సత్రమునుండియు వెడలగొట్టగా, ఆ ఉద్యోగము విడిచి రావలసి వచ్చెను. చదువునకు దారిచూపినవారున్నను, చదువు పిమ్మటి దారి మూసియుండినది. సుఖదేవ్ థోరాట్, పాల్ అటివెల్ అనువారు మన దేశపు పత్రికలలోని ఉద్యోగ ప్రకటనలకు ఇట్టి కల్పిత దరఖాస్తులనే పంపి, సమానమైన అర్హతలున్నను దళితుల పేర్లకు, ముస్లిముల పేర్లకు పిలుపులు తక్కువగా వచ్చినవని 2007లో ప్రకటించిరి. పేరు మారినది, కథ మారలేదు.

మన తెలుగునాట కౌలురైతు ఇంట, నేతపనివాని ఇంట, గూడెములలోని గిరిజనుల ఇంట మొదటి పట్టభద్రులు బయలుదేరుచున్నారు. వారికి ప్రభుత్వపు సౌకర్యములు కొన్ని కలవు. విశ్వవిద్యాలయములలో ఉపాధి సమాచార మార్గదర్శక కేంద్రములు ఏర్పడినవి. 2015లో కేంద్ర కార్మికశాఖ జాతీయ వృత్తి సేవను ప్రారంభించినది. వాటిని వాడుకొనవలెను. కాని వాటికంటె దగ్గరగా చేయగల పని మన యిండ్లలో కలదు. మీ వీధిలోనో, మీ పనిమనిషి ఇంటనో, మీ పాలవాని ఇంటనో ఒక కుర్రవాడో పిల్లయో డిగ్రీ చదువుచుండవచ్చును. మీరు ఉద్యోగమిప్పింపనక్కరలేదు. ఒక ఆదివారము పిలిచి, మీ వృత్తిలో మీరెట్లు చేరితిరో, ఏ పరీక్షకు ఎన్నడు దరఖాస్తు పెట్టవలెనో, ఇంటర్వ్యూలో ఏమి అడుగుదురో అరగంట చెప్పిన చాలును. దరఖాస్తు వ్రాసి తెమ్మని చెప్పి దిద్దిపెట్టవచ్చును. మీకు తెలియని వృత్తిని గూర్చి అడిగినచో, తెలిసినవారివద్దకు ఒక చీటీ వ్రాసి పంపవచ్చును.

తొలితరపు విద్యార్థులకును ఒక విన్నపము. మీకు తెలియకపోవుట మీ తప్పు కాదు. అడుగుట చిన్నతనము కాదు. చివరి యేడు వచ్చువరకు ఆగవలదు. ఆచార్యులను కలియుడు, పై తరగతివారిని అడుగుడు, ఒకరు కసరినచో వేరొకరిని అడుగుడు. ‘ఇది నీకు తగదు’ అని ఒక్కరు చెప్పినంతనే తిరిగిరావలదు; ఎందుకు తగదో, ఏమి నేర్చిన తగునో అడిగి తెలిసికొనుడు. మీరు వ్రాసికొను ప్రతి చిరునామాను, నేర్చుకొను ప్రతి విషయమును ఒక పుస్తకమున భద్రపరచుడు. వచ్చే యేడు మీ ఊరినుండి మరియొకరు అదే కళాశాలకు రావచ్చును. మీకు ఎవరును చెప్పని సంగతులు వారికి చెప్పుటకు మీరుందురు. పట్టము ఒక్కరి పేరిట వచ్చినను, దానివెంట వచ్చిన తెలివిడి పదిమందికి అందినపుడే ఆ యిల్లును, ఆ యూరును నిజముగా ఒక మెట్టు పైకెక్కినట్లు.